ఓడ మల్లయ్యకు పని ఉంటుందా?

నాడీ పరీక్ష – నెలనెలా శీర్షిక

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నారు పెద్దలు. ఈ నెల మా శీర్షిక ఆ ఓడ మల్లయ్యను గురించి. రక్తపు పోటు గురించి వ్రాస్తామని పోయిన నెల మాట ఇచ్చిన సంగతి మరచిపోలేదు. అది వచ్చే నెల దాకా ఆగుతుంది. అందాకా మందులు మాత్రం ఆపకండి.

విషయం ఏమిటంటే, ఈ మధ్య మన సంఘం కుటుంబాల్లో మూడు చోట్ల మాకు ఒకే ప్రశ్న ఎదురయింది. ఇంటి దగ్గర తమ్ముడి కొడుకో, బావమరిది కొడుకో ఇంటరు పూర్తి చేశాడు. మర్చంట్ నేవీలో చేరతానంటున్నాడు. కోర్సుకు లక్షలు కావాలి గనుక అమెరికాలో ఉన్న పెదనాన్నకు ఫోను వచ్చింది. పెదనాన్నకు డబ్బు పంపడానికి అభ్యంతరం లేదు. ఆయన సందేహమల్లా ఒకటే: "రేపు ఓడలన్నీ కంప్యూటర్లే నడుపుతాయంటున్నారు గదండీ, అప్పుడు వీడి గతేమిటి?" డాక్టర్లను ఓడల గురించి ఎందుకు అడుగుతారంటే, మేము విశాఖపట్నంలో చదువుకున్నామని అందరికీ తెలుసు. కింగ్ జార్జి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసినవాళ్ళకు రేవులో ఓడ కూత పరాయిది కాదు. అంతకు మించి మాకు అర్హత లేదు. అయితే యంత్రం పక్కన కూర్చుని మనిషి చేసే పని ఎలా ఉంటుందో మాకు రోజూ అనుభవమే. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు.

ముందుగా చిన్న జవాబు: మల్లయ్యకు పని ఉంటుంది. ఆ పని ఎలాంటిదవుతుంది, ఎంతమందికి దొరుకుతుంది, చేసేవాడికి కంటి నిండా నిద్ర ఉంటుందా అన్నవి ఆలోచించవలసిన సంగతులు.

యంత్రం ఇవాళ ఏం చేస్తున్నది?

ఓడ నడిపే గదిని బ్రిడ్జి అంటారు. అక్కడ పగలూ రాత్రీ వంతులు వేసుకొని ఒక ఆఫీసరు, చీకటి పడ్డాక అతనికి తోడుగా కావలి కాసే ఒక కళాసీ ఉంటారు. ఆ కావలి పనికి ఇప్పుడు కెమేరాలు వచ్చాయి. మామూలు కెమేరా ఒకటి, వేడిని బట్టి చీకట్లో కూడా చూడగలది మరొకటి. అందులో కనబడేది చేపల పడవా, తేలుతున్న దుంగా, కెరటమా అని కృత్రిమ మేధ పోల్చుకొని, గుద్దుకునే ప్రమాదం ఉంటే హెచ్చరిస్తుంది. రెండోది దారి. గాలి, కెరటాలు, ప్రవాహాలు లెక్కకట్టి ఏ దారిన ఎంత వేగంతో పోతే ఇంధనం ఆదా అవుతుందో చెబుతుంది. మూడోది ఇంజను గది. అదురు, వేడి, చమురు ఒత్తిడి కనిపెట్టి, ఫలానా భాగం చెడబోతున్నదని ముందే పసిగట్టాలని చూస్తుంది. ఇవి కాక రేవు రేవుకూ నింపవలసిన ఫారాలు ఉండనే ఉన్నాయి. ఆ కాగితాల పని యంత్రానికి అప్పగిస్తే ఏ నావికుడూ కన్నీరు పెట్టుకోడు.

ఇవి కాగితం మీది ఊహలు కావు. 2022 మే నెలలో మన టెక్సాసు మిత్రులకు దగ్గరలోనే ఉన్న ఫ్రీపోర్టు రేవు నుంచి ప్రిజమ్ కరేజ్ అనే పెద్ద ఓడ ద్రవరూపంలో సహజవాయువు నింపుకొని బయలుదేరింది. పనామా కాలువ దాటి, పసిఫిక్ దాటి, దక్షిణ కొరియాలోని బోర్యాంగు చేరింది. సుమారు 20,000 కిలోమీటర్ల ప్రయాణంలో సగం దూరం చుక్కాని, వేగం రెండూ యంత్రమే చూసుకున్నది. ఆ యంత్రం తయారుచేసినది హ్యుందాయ్ వారి అవికస్ అనే కంపెనీ. ఇంధనం నూటికి 7 వంతులు కలిసివచ్చిందని వారు చెప్పుకున్నారు. అయితే ప్రయాణం పొడుగునా ఓడలో సిబ్బంది ఉన్నారు. ఇవాళ సరుకు ఓడల్లో జరుగుతున్నది చాలావరకు ఇదే. యంత్రం సలహా చెబుతుంది, అక్కడక్కడా తానే నడుపుతుంది, మనిషి పక్కన నిలబడి చూస్తూ ఉంటాడు.

పూర్తిగా మనుషులు లేని ఓడలూ లేకపోలేదు. అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ కట్టించిన డిఫయంట్ అనే 180 అడుగుల ఓడకు 2025 ఆగస్టులో వాషింగ్టను రాష్ట్రంలోని ఎవరెట్టులో నామకరణం జరిగింది. అందులో మనిషి పడుకునే మంచం గాని, వంటగది గాని పెట్టలేదు. సరుకు ఓడల చట్టం మాత్రం నెమ్మదిగానే నడుస్తున్నది. లండనులోని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ఇటువంటి ఓడలకు ముందుగా ఐచ్ఛికమైన నియమావళి, ఆ తరవాత తప్పనిసరి నియమావళి తేవాలని కార్యక్రమం వేసుకున్నది. దాని ప్రకారం తప్పనిసరి నియమాలు అమలుకు వచ్చేది 2032 జనవరి 1న. అంటే ఈ ఏడు కోర్సులో చేరే కుర్రవాడు పెద్ద ఆఫీసరయ్యే నాటికి అన్నమాట.

మార్కోనీ సాబ్ ఎక్కడికి పోయాడు?

ఓడల్లో యంత్రం వచ్చి మనిషిని దింపడం కొత్త కాదు. టైటానిక్ మునిగిన 1912 తరవాత సముద్రం మీద వైర్‌లెస్సుకు ఎక్కడలేని ప్రాముఖ్యం వచ్చింది. తంతి సంకేతాలు పంపే ఆఫీసరు పెద్ద ఓడలన్నింటిలోనూ ఉండేవాడు. మన దేశపు నావికులు అతణ్ణి మార్కోనీ సాబ్ అనేవారు. ఉపగ్రహాల ద్వారా, మీట నొక్కితే ఆపద కబురు తానే పోయే పద్ధతి వచ్చింది. 1999 ఫిబ్రవరి 1 నుంచి అది పూర్తిగా అమలయింది. మార్కోనీ సాబ్ ఉద్యోగం దాంతో ముగిసింది. రేడియో పని మిగిలిన ఆఫీసర్ల నెత్తిన పడింది.

ఇంజను గదిలోనూ ఇదే కథ. 1960ల దాకా రాత్రంతా అక్కడ మనిషి ఉండవలసిందే. అలారాలు వచ్చాక ఇంజనీరు తన గదిలో పడుకోవచ్చు, ఏదైనా తేడా వస్తే మంచం పక్కన గంట మోగుతుంది. మాలాంటి వాళ్ళకు ఈ ఏర్పాటు బాగా తెలుసు. దీన్నే మేము ఆన్ కాల్ అంటాం. అది ఎంత మంచి నిద్రో మా ఇంట్లో వాళ్ళను అడగండి. మొత్తం మీద ఒకనాడు చిన్న సరుకు ఓడకే నలభై మంది ఉండేచోట, ఇవాళ వెయ్యి అడుగుల ఓడలో ఇరవై మంది చిల్లర ఉంటున్నారు.

రాయల్ మెజెస్టీ కథ

1995 జూన్ 9న రాయల్ మెజెస్టీ అనే విహార నౌక బెర్ముడా నుంచి బోస్టనుకు బయలుదేరింది. అందులో 1,509 మంది ఉన్నారు. ఉపగ్రహాలను బట్టి ఓడ ఎక్కడున్నదో చెప్పే జీపీయస్సు, దాన్ని బట్టి తానే చుక్కాని తిప్పే యంత్రం, రెండూ ఉన్నాయి. రేవు వదిలి గంట అయిందో లేదో జీపీయస్ ఏంటెన్నా తీగ ఊడిపోయింది. ఉపగ్రహం కబురు ఆగిపోగానే జీపీయస్సు ఊరుకోలేదు. ఇంత వేగంతో ఈ దిక్కుకు పోతున్నాం గనుక ఇక్కడ ఉండి ఉంటాం అని అంచనా కట్టి చెప్పడం మొదలుపెట్టింది. అది అంచనా అని తెలపడానికి తెరమీద రెండు చిన్న అక్షరాలు మాత్రం వేసింది. గాలీ ప్రవాహమూ ఓడను పక్కకు నెడుతున్నాయి. ఆ సంగతి అంచనాకు తెలియదు. 34 గంటల పాటు వంతు మీద వంతుగా ఆఫీసర్లు తెర చూచి, లెక్క సరిపోయిందని పటంలో గుర్తులు పెట్టుకుంటూ పోయారు. ఆ అక్షరాలు ఎవరూ గమనించలేదు.

మర్నాటి రాత్రి ఓడ నాంటకెట్టు దగ్గర ఇసుక దిబ్బ మీదికి ఎక్కింది. ఉండవలసిన దారికి 17 మైళ్ళు పక్కన ఉన్నది. అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బలు తగలలేదు. విచారణలో బయటపడిన సంగతులు వైద్యులందరూ చదవదగినవి. ఎదురు కావలసిన ఒక బోయ్ కనిపించకపోయినా, కనిపించిందని కెప్టెనుకు చెప్పారు. చేపల పడవల వాళ్ళు రేడియోలో హెచ్చరించారు, వినిపించుకున్నవారు లేరు. కావలివాడు ముందు నీటి రంగు మారిందని చెబితే అదీ పట్టించుకోలేదు. లోతు తగ్గితే మోగవలసిన అలారం సున్నా దగ్గర పెట్టి ఉన్నది, అంటే నేల తగిలినాకనే మోగుతుంది! కళ్ళూ చెవులూ ఉన్న మనుషులు అన్నిచోట్లా ఉన్నారు. కాని తెర తప్పు చెబుతుందని ఎవరికీ తోచలేదు.

ఆ ఆఫీసర్లు సోమరులని మేము అనుకోవడం లేదు. మనిషి మెదడు అలా కట్టబడి ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల కోసం విమానాల నుంచి రాడారు తెరలు చూచే కుర్రవాళ్ళు కొంతసేపయ్యాక గుర్తులు చూడలేకపోతున్నారని కనిపెట్టి, కేంబ్రిడ్జిలో నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రజ్ఞుడు పరీక్షలు చేశాడు. గడియారం ముల్లు అడుగడుగునా కదులుతూ ఎప్పుడో ఒకసారి రెండడుగులు గెంతుతుంది. గెంతినప్పుడల్లా మీట నొక్కాలి. అంతే పని. మొదటి అరగంటలోనే మనుషులు తప్పడం మొదలయిందని 1948లో ఆయన ప్రకటించాడు. ఎప్పుడూ ఒప్పు చెప్పే యంత్రం ఎప్పుడో ఒకసారి తప్పు చెబుతుందేమో కనిపెట్టి చూడటం మనిషి చేయగల పనులన్నింటిలోకీ కష్టమైనది. ఆ పనే మనం ఇవాళ ఓడ మల్లయ్యకు అప్పగిస్తున్నాం, పైగా పని తేలికయిందని అంటున్నాం.

ఆస్పత్రిలో మా పని కూడా ఇదే దారి పట్టింది. ఈసీజీ కాగితం మా చేతికి వచ్చేసరికే యంత్రం తన అభిప్రాయం పైన అచ్చు వేసి ఉంచుతుంది. పదిలో తొమ్మిదిసార్లు అది సరిగానే తోస్తుంది, అక్కడే ఉన్నది చిక్కు. మాకు చదువు చెప్పిన ఒక ప్రొఫెసరు గారు, "ముందు గీత చూడు, ఆ తరవాతే రాత చదువు" అనేవారు. అంటే నీ నిర్ణయం నువ్వు చేసుకొని, ఆపైన యంత్రంతో పోల్చుకో అని. పోల్చినప్పుడు తేడా వస్తే ఇద్దరిలో ఎవరో ఒకరు మేలుకుంటారు. రాత ముందు చదివితే గీతలో అదే కనబడుతుంది. ఓడ నడిపేవాడికైనా ఇంతకంటే మంచి సలహా మాకు తెలియదు. అన్నాపోలిసు నౌకా విద్యాలయం వారు నక్షత్రాలను బట్టి దారి కనుక్కునే విద్యను 1990ల చివర పక్కన పెట్టి, 2015లో మళ్ళీ నేర్పడం మొదలుపెట్టారు. గీత చూడటం మరచిపోతే కష్టమని వారికీ తట్టి ఉంటుంది.

ఇంకొక సంగతి. 2017 ఆగస్టులో సింగపూరు దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ మెకెయిన్ ఒక చమురు ఓడను గుద్దుకొని 10 మంది నావికులు పోయారు. చుక్కాని, వేగం ఏ బల్ల మీదినుంచి నడుస్తున్నాయో తాకే తెరల గందరగోళంలో వాళ్ళకు తెలియకుండా పోయింది. తరవాత నౌకాదళం వారు అటువంటి ఓడల్లో వేగానికి మళ్ళీ చేత్తో పట్టుకునే మీటలే పెట్టాలని నిర్ణయించారు. కొత్తదల్లా మేలు కాదని ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి.

ఒక తీగ, ఒక గొట్టం

ఇక మనుషులు లేని ఓడ సంగతి. మేఫ్లవర్ అనే పేరుతో 15 మీటర్ల పొడవుగల మనుషులు లేని పడవను ఐ.బి.ఎమ్. సహాయంతో తయారుచేసి, 1620 నాటి యాత్రికుల దారిన ఇంగ్లండు నుంచి అమెరికాకు పంపారు. 2021లో బయలుదేరినప్పుడు జనరేటరు పొగగొట్టం దగ్గర ఒక అతుకు విరిగి వెనక్కు రావలసి వచ్చింది. 2022లో మళ్ళీ బయలుదేరి, మళ్ళీ మరమ్మతుల కోసం అజోర్సు దీవుల వైపు తిరిగి, కెనడాలోని హాలిఫాక్సు మీదుగా జూన్ 30న మసాచుసెట్సులోని ప్లిమత్ చేరింది. చేరడం గొప్పే, కాదనం. కాని దాన్ని ఆపినది తెలివి తక్కువ కావడం కాదు. గొట్టం విరిగితే కట్టుకట్టే చేయి అందులో లేకపోవడం. మన కాకినాడ లాంచీ సరంగు అయితే గుడ్డముక్క, తీగచుట్ట, నాలుగు తిట్లు కలిపి దాన్ని ఒడ్డుకు చేర్చి ఉండేవాడు.

బాల్టిమోరు ప్రమాదం పాఠకులందరికీ గుర్తుండే ఉంటుంది. 2024 మార్చి 26 తెల్లవారుజామున ఒకటిన్నర ప్రాంతంలో డాలీ అనే 984 అడుగుల ఓడ కొలంబోకు బయలుదేరి, కరెంటు పోయి, ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభానికి గుద్దుకున్నది. కరెంటు పోయిన దగ్గరనుంచి గుద్దుకొనేదాకా సుమారు నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో పైలట్లు ఆపద కబురు పంపించారు, లంగరు వదిలించారు. పోలీసులు వంతెన మీదికి కార్లు రాకుండా ఆపారు. లేకుంటే ఎంతమంది పోయేవారో. వంతెన మీద గుంటలు పూడుస్తున్న కూలీల్లో 6 మంది మాత్రం దక్కలేదు. వాళ్ళూ మనలాగే ఈ దేశానికి బతకడానికి వచ్చినవాళ్ళు.

కారణం ఏమిటని జాతీయ రవాణా భద్రతా బోర్డు ఇరవై నెలలు వెదికి 2025 నవంబరులో తేల్చింది: ఒక్క సన్నని తీగ వదులుగా ఉండటం. తీగకు చుట్టిన పేరుచీటీ అడ్డుపడి, అది బిగింపులోకి పూర్తిగా దిగలేదు. ఇటువంటి బిగింపులు ఓడలో వేలకు వేలు ఉంటాయి. ఇంకొకటి కూడా తేలింది. కరెంటు తిరిగి వచ్చాక రెండోసారి పోవడానికి కారణం, జనరేటర్లకు ఇంధనం అందించడానికి వాడుతున్న పంపు. అది తనంతట తాను మళ్ళీ మొదలయ్యే రకం కాదు. చూడండి, ఇక్కడ యంత్రం తానే పనిచేసే ఏర్పాటు ఉంటే మేలు జరిగేది. వదులు తీగ వేడెక్కడాన్ని చీకటి కెమేరాలతో కనిపెట్టవచ్చునని కూడా నిపుణులు అంటున్నారు. అందుకే మేము యంత్రానికి శత్రువులం కాము. కెమేరా తీగను చూపిస్తుంది. దాన్ని బిగించడానికి స్క్రూడ్రైవరు పట్టుకున్న మనిషి కావాలి, ఆ మనిషికి తీరిక కావాలి.

ఆ తీరిక ఎక్కడ ఉన్నది? అంతర్జాతీయ నియమాల ప్రకారం నావికుడికి వారానికి 77 గంటల విశ్రాంతి తప్పనిసరిగా ఇవ్వాలి. వినడానికి ఉదారంగా ఉన్నది. వారానికి 168 గంటలు గదా, తీసివేస్తే పని 91 గంటలు! ఈ దేశంలో రెసిడెన్సీ చేసే డాక్టర్లకు 2003 నుంచి వారానికి 80 గంటలు హద్దు పెట్టారు. అదే ఎక్కువని మనం గోలపెడతాం. అంత నలిగిన మనిషికి తోడుగా కృత్రిమ మేధ వస్తే సంతోషమే. దాన్ని సాకుగా పెట్టుకొని యజమాని ఉన్న ఇరవై మందిలో ఇద్దరిని తగ్గిస్తే, మిగిలినవాళ్ళకు వచ్చేది తోడు కాదు, ఇంకొక బరువు. ఆస్పత్రుల్లో కంప్యూటరు వచ్చి మాకు ఎంత తీరిక మిగిల్చిందో, రాత్రి పది గంటలకు వంటింటి బల్లమీద నోట్లు పూర్తిచేస్తున్న డాక్టర్ల భార్యలను, భర్తలను అడిగితే చెబుతారు.

కుర్రవాణ్ణి పంపమంటారా?

ఇక అసలు ప్రశ్న. వాడికి నిజంగా మనసుంటే పంపండి. ప్రపంచంలో సుమారు 19 లక్షల మంది ఓడ ఉద్యోగులున్నారని, సర్టిఫికెట్లున్న ఆఫీసర్లు 26,240 మంది తక్కువగా ఉన్నారని 2021లో ఓడ యజమానుల సంఘాలు లెక్క ప్రకటించాయి. నావికులను ఎక్కువగా పంపే అయిదు దేశాల్లో మన దేశం ఒకటి. అందుచేత ఉద్యోగాలు రేపే మాయమవుతాయన్న భయం అక్కరలేదు. కాని కొన్ని జాగ్రత్తలు చెప్పక తప్పదు.

మొదటిది: ఆఫీసరు కోర్సుకూ, మామూలు కళాసీ కోర్సుకూ తేడా తెలుసుకోండి. రాత్రి కావలి, చుక్కాని పట్టడం వంటి పనులకే యంత్రం ముందుగా వస్తున్నది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల నుంచి కళాసీలుగా వెళ్ళే పిల్లల మీద దెబ్బ ముందు పడవచ్చు. అటువంటివాడు ఓడ ఎక్కాక ఊరుకోకుండా వెల్డింగో, ఫిట్టరు పనో, కరెంటు పనో చేతికి తెచ్చుకోవాలి.

రెండోది: ఎలక్ట్రానిక్సు మీద మక్కువ ఉన్న పిల్లవాడికి ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసరు అనే ఉద్యోగం ఉన్నది. మార్కోనీ సాబ్ ఉద్యోగం పోయిన పదకొండేళ్ళకు, 2010లో మనీలాలో చేసిన సవరణలతో దీనికి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. తీగలు, సెన్సర్లు, కంప్యూటర్లు చూడటం ఇతని పని. ఓడలో యంత్రాలు పెరిగేకొద్దీ ఇతని అవసరమూ పెరుగుతుంది.

మూడోది, అన్నింటికంటే ముఖ్యమైనది: దళారులు. మన జిల్లాల్లో ఎందరో తల్లిదండ్రులు పొలం అమ్మి ఏజెంటు చేతిలో పోసి, కుర్రవాడు ఏ ఊరూ పేరూ లేని ఓడలోనో, పరాయి దేశపు లాడ్జిలోనో చిక్కుకొని ఏడ్చారు. చదువు చెప్పే సంస్థకు భారత ప్రభుత్వపు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగు వారి ఆమోదం ఉన్నదా, ఉద్యోగం ఇప్పిస్తామన్న ఏజెంటుకు వారి లైసెన్సు ఉన్నదా అని ముందు చూడండి. డిగ్రీ కోర్సులకు 2008లో ఏర్పడిన ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ఉన్నది. దాని శాఖ విశాఖపట్నంలోనే ఉన్నది. ఉద్యోగం ఇప్పించడానికి నావికుడి దగ్గర డబ్బు పుచ్చుకోవడం చట్టవిరుద్ధం. పెదనాన్నగారు డాలర్లు పంపేముందు ఒక సాయంత్రం ఈ వివరాలు కనుక్కోవడం డాలర్ల కంటే పెద్ద సహాయం.

నెలకు ఇరవై సెంట్లు

చివరగా ఈ దేశపు చరిత్రలోంచి ఒక ముక్క. 1798 జూలైలో అధ్యక్షుడు జాన్ ఆడమ్సు ఒక చట్టం మీద సంతకం చేశాడు. దాని ప్రకారం ప్రతి నావికుడి జీతంలోంచి నెలకు 20 సెంట్లు మినహాయించి, ఆ సొమ్ముతో రేవుల్లో జబ్బుపడిన నావికులకు వైద్యం చేయించారు. ఆ నావికుల ఆస్పత్రులే పెరిగి పెరిగి అమెరికా ప్రజారోగ్య శాఖ అయినాయి. మనవాళ్ళు ఎందరో పనిచేసే బెథెస్డాలోని ఎన్.ఐ.హెచ్. కూడా 1887లో స్టాటెన్ ఐలాండు నావికుల ఆస్పత్రిలో ఒక చిన్న ప్రయోగశాలగా పుట్టినదే. ఓడవాడి ఇరవై సెంట్లు ఈ దేశపు వైద్యశాస్త్రానికి విత్తనాలయినాయి. 1981లో ఆ ఆస్పత్రులను మూసివేశారు. ఏరు దాటారు గదా!

డాలీలో ఉన్న 21 మంది సిబ్బందిలో 20 మంది భారతీయులు. వంతెన ఓడ ముందుభాగం మీద పడి ఉండగా, దర్యాప్తు సాగుతుండగా, చేతిలో సరైన వీసాలు లేక, వారాల తరబడి వాళ్ళు ఆ ఓడలోనే ఉండిపోయారు. దర్యాప్తు వారు వాళ్ళ ఫోన్లు కూడా తీసుకున్నారు. మే 13న మిగిలిన వంతెన ఇనుమును మందుగుండుతో పేల్చినప్పుడు కూడా వాళ్ళు ఓడలోనే ఉన్నారు. వాళ్ళకు వేరే ఫోన్లు, సిమ్ కార్డులు, తినుబండారాలు చేర్చినవాళ్ళలో రేవుల్లో నావికులకు సహాయం చేసే కేంద్రాలవాళ్ళున్నారు. ఇవి దాదాపు ప్రతి పెద్ద రేవులోనూ ఉన్నాయి. న్యూయార్కు, న్యూజెర్సీ రేవులు చూచే సీమెన్స్ చర్చి ఇన్‌స్టిట్యూటు 1834 నాటిది. రేవులోకి ఎవరు పడితే వారు వెళ్ళడానికి లేదు గనుక మనం చేయగలిగింది ఈ కేంద్రాల ద్వారానే చేయాలి.

అందుచేత సంఘం కార్యవర్గానికి మా విన్నపం. ఈ ఏడు సంక్రాంతి సంబరాలకు చందాలు పోగుచేసేటప్పుడు ఒక చిన్న డబ్బా పక్కన పెట్టండి. ఊలు టోపీలు, మంచి సబ్బులు, పచ్చడి సీసాలు, ఫోను కార్డులు కలిపి పొట్లాలు కట్టి దగ్గరి రేవు కేంద్రానికి ఇద్దాం. వారి కార్లలో నావికులను దుకాణానికి తీసుకువెళ్ళే పనికి వాలంటీర్లు కావాలని కూడా వారు అడుగుతూ ఉంటారు. ఓడలో తెలుగువాడే ఉండాలని లేదు. ఫిలిప్పీన్సువాడు కూడా మన ఇంట్లో సోఫాను, బాస్మతి బియ్యాన్ని సముద్రం దాటించినవాడే.

రేపు బ్రిడ్జి మీద కృత్రిమ మేధ కూర్చున్నా, ఆ పక్కన ఒక కుర్రవాడు నిద్ర కళ్ళతో నిలబడి ఉంటాడు. తప్పు జరిగితే విచారణకు పిలిచేది వాణ్ణే, యంత్రాన్ని కాదు. కాబట్టి వాడికి తగినంత నిద్ర, తగినంతమంది తోడు, యంత్రం మాట కాదనగల చదువు ఉండాలని అడగడం మనందరి పని. కుర్రవాణ్ణి పంపే పెదనాన్నకు ఆ హక్కు మరీ ఎక్కువ.

పొట్లాల విషయంలో సహాయం చేయదలచినవారు వచ్చే సమావేశం నాడు కాఫీ బల్ల దగ్గర పేరు వ్రాయించండి. వచ్చే నెల తప్పకుండా రక్తపు పోటు.